గంగమ్మ మాన్లు, ముజావరు తాత చెంబు

గుత్తి కోట మీద నిలబడి ఉత్తరంగా చూస్తే కనుచూపుమేర ఎర్రనేలలు, వాటి మధ్య అక్కడక్కడా నల్లరేగడి, బండరాళ్ల గుట్టలు. పత్తికొండ దారికి కాస్త ఎడంగా, ఆ గుట్టల సందున మా ఊరు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేని అనంతపురం జిల్లా మాది. 1980లలో అక్కడ పెరిగిన పిల్లలకు అక్షరాలకంటే ముందు అబ్బే చదువు నీడెక్కడ, నీళ్లెక్కడ అన్నదే.

నీడ గంగమ్మ మాన్ల కింద. చెరువు కట్ట దిగగానే ఐదారు వేపలు, రెండు పెద్ద చింతలు, రాతికట్ట కట్టించి పెళ్లి చేసిన రావీ వేపా, ఆ కట్ట మీద పసుపు పూసిన నాగరాళ్లు. గుడంటూ ఏమీ లేదు. అన్నిటికంటే పాత వేపమాను మొదట్లో నిలబెట్టిన గుండ్రాయే గంగమ్మ. ఊళ్లో వంటచెరకుకు మహా కటకటగా ఉండేది. ఆడవాళ్లు తెల్లవారకముందే గుట్టలకు పోయి తుమ్మకంప కొట్టి మోపులు మోసుకొచ్చేవారు. ముళ్లు గీరిన చేతులతోనే రొట్టెల పిండి పిసికేవారు. అయినా గంగమ్మ మాన్ల కింద గాలికి విరిగిపడ్డ ఎండుకొమ్మ అక్కడే పుచ్చిపోవాల్సిందే తప్ప ఎవరి పొయ్యిలోకీ పోయేది కాదు. జాతరనాడు పొంగలి వండడానికి మాత్రం ఆ పుల్లలు ఏరేవారు.

"కొమ్మ ఇరిస్తే ఏమయితాది అవ్వా?" అని మా అవ్వను అడిగేవాణ్ని.

"చెయ్యి ఇరుగుతాది."

"ఇంగ ఎండుకొమ్మ ఎత్తుకపోతే ఏం తప్పు?"

"ఈ పొద్దు ఎండుకొమ్మ ఎత్తుకపోతావు. రేపు పచ్చికొమ్మను ఎండబెట్టి ఎత్తుకపోతావు. మనుషుల సంగతి నాకు తెల్దా నాయనా."

చెయ్యి విరుగుతుందన్న భయం పిల్లల కోసం. రెండో మాట మా అవ్వ పెద్దవాళ్లనందరినీ చూసి తెలుసుకున్నది. అడవిశాఖ వాళ్లు గుట్టల మీద నాటిన మొక్కలకు కంచె వేసి కాపలా పెట్టినా నిలవలేదు. కంచె లేని ఈ పది మాన్లు మాత్రం కరువుల్లో కూడా నిలిచాయి. చింతల మీద కొంగలు గూళ్లు కట్టేవి. సాయంత్రమైతే చిలకల గోలకు కింద మాట వినపడేది కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మా అమ్మ, శనక్కాయ చేలో నాగుపాము కనబడితే చేతులు జోడించి పక్కకు తప్పుకునేది. ఆ పామే ఎలకల్ని తిని పంటను కాస్తుందని మా నాయన చెప్పేవాడు. ఇద్దరి కారణాలు వేరైనా పాము బతికిపోయేది.

ఆ మాన్ల పక్కనే దిగుడుబావి. దాని గురించి చెప్పకుండా మాన్లను మాత్రం పొగడలేను. బావిలో ఉమ్మకూడదు, చెప్పులతో దిగకూడదు, బావి గట్టున బట్టలు ఉతక్కూడదు. ఇవన్నీ మంచి కట్టుబాట్లే. వీటితోపాటు మాలపల్లెవాళ్లు మెట్టు దిగకూడదన్నది కూడా కట్టుబాటే. ఆ తల్లులు బిందెలు గట్టున పెట్టుకుని, ఎవరైనా తోడి పోసేదాకా ఎండలో నిలబడేవారు. కొంగ దాహం తీర్చుకున్న నీళ్లు మనిషికి చేదుకునే హక్కు లేకపోయింది. మాన్ల మీదా నీళ్ల మీదా అంత భక్తి ఉన్నవాళ్లకు మనుషుల మీద ఆ మాత్రం దయ లేకపోవడం నాకు ఇప్పటికీ కడుపులో రగిలే సంగతి. ప్రకృతిని కాపాడిన మన ఆచారాలు అని ఎవరైనా గొప్పగా మొదలుపెడితే నాకు ముందు ఆ బిందెల వరుసే కళ్లముందుకొస్తుంది.

చెరువు నిండడం అరుదు. నిండి మరవ పారిన ఏడు ఊరంతా కట్ట మీదే. గంగమ్మకు చీర, గాజులు, పసుపుకుంకుమలు నీళ్లలో వదిలేవారు, మేకపోతును కోసేవారు. పూజ ఒక్కరోజు. చెరువు పని మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. తూము తీసి ఏ మడికి ఎన్ని నీళ్లో చూసే నీరుగంటి, ఎండాకాలంలో అడుగున పేరుకున్న మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకునే రైతులు, కట్ట మీద చెట్టు వేళ్లు చొరబడకుండా చూసుకునే పెద్దలు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలు, తగలకూడని 6 దోషాలు అందులో చెక్కించాడు. కొడుకును కనడం, గుడి కట్టించడం, కావ్యం రాయించడం ఎంత పుణ్యమో చెరువు తవ్వించడం, తోట వేయడం అంత పుణ్యమని మనవాళ్లు ఏడు సంతానాల్లో లెక్కపెట్టారు. పుణ్యం ఆశ చూపిస్తే తప్ప సీమలో అన్ని చెరువులు పుట్టేవి కావని నా నమ్మకం.

చెరువుకు అవతల పీర్లచావిడి, దాని వెనక ముజావరు తాత ఇల్లు. దూదేకులవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజుకు ముందు ఆయన వజూ చేసుకోవడం చూడడానికి నేను అరుగు మీద కూర్చునేవాణ్ని. కొమ్ము ఉన్న ఇత్తడి చెంబు ఒక్కటే. దాన్ని పట్టుకుని ఇంటి ముందున్న దానిమ్మ మొక్క పాదు దగ్గర గొంతుక్కూర్చునేవాడు. ముందు మణికట్ల దాకా చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తడిచేత్తో తల నిమిరి, చివరికి చీలమండల దాకా కాళ్లు. నీటిదార సన్నగా దారప్పోగులా పడేది. అంతా అయ్యేసరికి చెంబులో ఇంకా నీళ్లు మిగిలేవి, పాదు తడిసేది. ఊళ్లో ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్న మొక్క అదొక్కటే.

"తాతా, చెరువు నిండిందిగదా, ఇంగ చెంబు యాల? చెరువులోనే కడుక్కోవచ్చుగదా" అన్నానొకసారి.

"ఏట్లో కూచున్నా చెంబెడే వాడుకోమన్నాడప్పా మా పైగంబరు. నీళ్లు శానా ఉండాయని పారబోస్తే లెక్క అడుగుతాడు దేవుడు."

తర్వాత పుస్తకాల్లో చూశాను. పారే నది ఒడ్డున ఉన్నా వజూకు నీళ్లు వృథా చేయవద్దన్న హదీసు ఉంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా దాన్ని నాటేయమన్న హదీసు కూడా ఉంది. బావి తవ్వినవాడికి చుట్టూ కొంత నేల హద్దుగా ఉండాలనీ, ఆ హద్దులో ఇంకొకరు బావి తవ్వి మొదటిదాని నీళ్లు లాగకూడదనీ ఇస్లాం ధర్మశాస్త్రం చెబుతుంది. ఎడారిలో పుట్టిన మతానికి నీళ్ల విలువ ఒకరు చెప్పాలా! మా సీమకు అది సరిగ్గా కుదిరిన మాట.

పీర్ల పండుగకు ఊరు ఊరంతా ముజావరు తాత మాట వినేది. చాంద్రమానం కాబట్టి పండుగ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. నా చిన్నప్పుడు అది శనక్కాయ పంట చేలో ఉండే నెలల్లో వచ్చింది. చావిడి ముందు గుండం తవ్వి, రాత్రంతా మొద్దులు కాల్చేవారు. ఆ మొద్దుల దగ్గర తాత పట్టుబట్టేవాడు. పచ్చిమాను మీద గొడ్డలి పడితే పీరు లేవదని చెప్పేవాడు. ఎండిపోయిన తుమ్మలు, కూలిన మాన్లు ఎక్కడున్నాయో ఆరునెలల ముందునుంచే చూసి పెట్టుకునేవారు కుర్రవాళ్లు. గుండం చుట్టూ తిరిగినవాళ్లలో సగానికి పైగా హిందువులే.

పదో రోజు పానకం. బెల్లం, సోంపు, మిరియాలు కలిపి కుండలకు కుండలు. ఎవరైనా సరే, ఏ పల్లెవాళ్లయినా సరే, దోసిలి పడితే పోయాల్సిందే. ఆ పానకం ఒక దాహానికి గుర్తు. 680లో కర్బలా దగ్గర యూఫ్రటీసు నది కనబడుతూనే ఉన్నా ఇమాం హుసేన్ కుటుంబానికి, పసిపిల్లలకు కూడా, నీళ్లు అందనివ్వలేదట. ఆ కథ చెప్పేటప్పుడు తాత గొంతు ఏడాదికేడాది అదే చోట పూడుకుపోయేది. బావి గట్టున బిందెతో నిలబడిన మాలపల్లె అమ్మ అదే ఊళ్లో ఆ ఒక్కరోజు అందరితోపాటు వరుసలో నిలబడి పానకం తాగడం నేను చూశాను. దాహం పేరుమీద జరిగే పండుగ మా ఊరికి అవసరమైనంతగా ఇంకే ఊరికీ అవసరం ఉండదేమో.

మాలపల్లెలో చిన్న చర్చి. సున్నం గోడలు, రేకుల కప్పు. ఆ చర్చి అయ్యగారు మా నాయనకు బడిలో తోటివాడు కావడంతో కోత పండుగకు మమ్మల్ని పిలిచేవారు. ఎవరింట కాసిన మొదటి గుమ్మడికాయ, కోడిపెట్ట పెట్టిన మొదటి గుడ్లు, కొర్రల గంప, శనక్కాయ మూట, అన్నీ తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. ప్రార్థన అయ్యాక వేలం. రెండు రూపాయల సొరకాయ ఇరవై దాకా పోయేది. దాన్ని తెచ్చిన ముసలామె తనే పాట పెంచి, తన సొరకాయనే తను కొనుక్కుని నవ్వుతూ ఇంటికి పోయింది ఒక ఏడు. ఈ నేల దేవుడిది, మనం కౌలుదారులం అని అయ్యగారు చెప్పేవారు. కౌలు చేసే బతుకులే అక్కడ చాలామందివి కాబట్టి ఆ మాట వాళ్లకు నేరుగా తగిలేది. ఏడో ఏట నేలకు విశ్రాంతి ఇవ్వాలని లేవీయకాండంలో ఉందని ఆయన అంటే మా నాయన ఒప్పుకోలేదు.

"బీడు పెడితే సొసైటీ అప్పు ఎవరు కడతారు సామీ?"

"నువ్వు ఇయ్యకపోతే నేలే తీసుకుంటాదిలే" అన్నారాయన.

అలాగే తీసుకుంది. ఏటికేడు శనక్కాయ తర్వాత శనక్కాయే వేసిన ఎర్రనేలలు పదేళ్లలో పలచబడి, దిగుబడి పడిపోయి, రాళ్లు తేలాయి.

పొలం మూలలు పూర్తిగా కోయవద్దు, రాలినది ఏరవద్దు, పేదలకు, పరదేశులకు వదిలేయమని అదే గ్రంథంలో ఉంది. రూతు కథ అంతా అలా వదిలిన పరిగె చుట్టూనే నడుస్తుంది. చర్చిలో ఆ కథ విన్న మరుసటి వారమే మా చేలో నా కళ్లముందు జరిగేది అదే. శనక్కాయ చెట్లు పెరికి కుప్పలు వేశాక నేలలో కాయలు కొన్ని తెగి ఉండిపోతాయి. ఒక చిన్నవాన పడి మట్టి మెత్తబడగానే మాలపల్లె ఆడవాళ్లు, పిల్లలు తొలికెలు, చిన్న పారలు పట్టుకుని వరుసగా కూర్చునేవారు. వేళ్లతో మట్టి గుల్ల చేస్తూ, కాయ తగలగానే చూడకుండానే ఒడిలో వేసుకుంటూ ముందుకు జరిగేవారు. గట్టు పక్క ఎలక బొక్కలు తవ్వితే ఒక్కోదాంట్లో శేరు, శేరున్నర కాయలు, ఎలక నీటుగా పేర్చిపెట్టుకున్నవి దొరికేవి. అన్నీ తీయకుండా గుప్పెడు వెనక్కి వేసి బొక్క పూడ్చేది ఒక పెద్దామె. ఎందుకని అడిగితే, దానికీ పిల్లలుంటాయిగదా అంది. ఆమె చదువుకోలేదు, బైబిలు చెవితో విన్నదే. ఆ గుప్పెడు కాయలు వెనక్కి వేసిన చేతిని మించిన వ్యాఖ్యానం లేవీయకాండానికి నేను ఎక్కడా చదవలేదు.

కొందరు రైతులు పరిగె ఏరేవాళ్లను తరిమేసేవారు. ముందు తమ మేకల్ని తోలుకుని, ఆ తర్వాతే రానిచ్చేవారు ఇంకొందరు. మా అవ్వ మాత్రం చేను పెరికిన రోజే కబురు పంపేది. గంగమ్మకు కొమ్మ వదిలినట్టే వీళ్లకు కాయ వదలాలని ఆమె లెక్క.

మా బడి అయ్యవారు మమ్మల్ని ఎర్రగుడికి నడిపించుకుపోయారు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలోనే, కర్నూలు జిల్లాలో. గుట్ట మీద ఏనుగుల్లాంటి బండల మీద అశోకుడి శాసనాలు, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి. పధ్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు, ఎద్దులు దుక్కి దున్నినట్టు నడుస్తాయి. బ్రాహ్మీ అక్షరాల గాడుల్లో వేలు పెట్టి మేము గీసుకుంటూ ఉంటే అయ్యవారు అర్థం చెప్పారు. రాజు వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి. శాసనం వేసేనాటికి రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే, జింక కూడా రోజూ కాదు. మున్ముందు ఆ మూడింటినీ చంపరు. రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం, మూలికలు లేని చోటికి మూలికలు తెప్పించి నాటడం, దారుల పక్కన చెట్లు, బావులు. గుంతకల్లు దగ్గరి కొనకొండ్లలో గుట్ట మీద జైన తీర్థంకరుల బొమ్మలున్నాయనీ, కుందకుందాచార్యుల ఊరు అదేనంటారనీ, జైన మునులు కాలికింద చీమ నలుగుతుందేమోనని నేల చూసుకుంటూ నడిచేవారనీ కూడా ఆయనే చెప్పారు. తొలకరికి వజ్రాలు దొరుకుతాయని జొన్నగిరి చేలల్లో వంగి వెతికేవాళ్లను చూసిన మాకు, చీమ కోసం వంగి నడిచినవాళ్లు ఇక్కడే తిరిగారంటే ఒళ్లు జలదరించింది.

ఇంటికొచ్చి ఉత్సాహంగా అవ్వకు చెప్పాను, జాతరలో మేకపోతును కోయొద్దని అశోకుడు బండ మీద రాయించాడని. అవ్వ శ్రద్ధగా విని, "ఆ రాజు ఇంట్లో దినామూ కోసేటోళ్లు గాబట్టి ఆయప్ప వద్దనుకున్న్యాడు, మంచిదే. మనకు ఏటికొక తూరి. ఆ మాంసం ఊరికంతా పంచుతాము" అంది. అయ్యవారిదీ నిజమే, అవ్వదీ నిజమే అనిపించింది. ఇప్పటికీ ఆ రెంటి మధ్య తీర్పు చెప్పే తొందర నాకు లేదు. అశోకుడు ముందు తన వంటింటితో మొదలుపెట్టాడు కదా, ఆ భాగం మాత్రం ఎవరూ కాదనలేరు.

1987లో దేశమంతా కరువు. మాకు అంతకు ముందు రెండేళ్లనుంచే. శ్రావణం సగమైనా విత్తనం పడలేదు. రాములవారి గుడిలో విరాటపర్వం చదివించారు. అది చదివితే వాన వస్తుందని తెలుగు పల్లెల నమ్మకం. పిల్లలం రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో కప్పను పెట్టి కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగాం. ఆడవాళ్లు ఎంత కటకటలోనూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోశారు. ఆట అయ్యాక కప్పను బావి దగ్గర తడిలో వదిలేదాకా అవ్వ మా వెంటే ఉంది. ఊరి బయట ఈద్గా దగ్గర ముజావరు తాతావాళ్లు వాన నమాజు చేశారు. భుజం మీది గుడ్డ తిరగేసి కప్పుకుని, అరచేతులు ఆకాశానికి కాకుండా నేలవైపు తిప్పి దువా చేయడం అప్పుడే చూశాను. చర్చిలో ఉపవాస ప్రార్థనలు. ఎవరి దేవుడు వింటాడో అన్న పందెం ఎవరి మాటల్లోనూ లేదు. ఎవరు పిలిచినా పలికితే చాలన్నంత దప్పికలో ఉంది ఊరు. వాన చివరికి వచ్చింది, కానీ శనక్కాయకు అదను దాటిపోయాక.

ఆ కరువుతోనే బోర్లు మొదలయ్యాయి. ముందు రెండొందల అడుగులు, తర్వాత నాలుగొందలు, ఆరొందలు. గంగమ్మ మాన్లకు గంగమ్మ కాపలా. దిగుడుబావికి కట్టుబాట్లు. చెంబెడు నీళ్లకు లెక్క అడిగే దేవుడున్నాడు. నేల మీది పరిగెకు లేవీయకాండం ఉంది. కానీ బండ కింద, అంత లోతున, కంటికి కనబడని నీళ్లకు ఏ మతంలోనూ కాపలాదారు లేడు. అక్కడికి మనిషి గొట్టం వేయగలడని ఏ ప్రవక్తా ఏ రుషీ ఊహించి ఉండరు. బోరు పాయింటు పెట్టడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లు వచ్చారు. టెంకాయ నిలబడ్డ చోట పూజ చేసి, అగరొత్తులు వెలిగించి లారీ దింపేవారు. ముస్లిం రైతులు ఫాతిహా చదివించేవారు, క్రైస్తవులు అయ్యగార్ని పిలిచి ప్రార్థన చేయించేవారు. అన్ని మతాలనూ నీళ్లు చూపించమని అడిగాం. ఎక్కడ ఆగాలో చెప్పమని ఒక్కరం అడగలేదు. పక్కోడి బోరు ఎండాక మనం ఇంకో వంద అడుగులు దిగడం మొదలైంది. అప్పులు కూడా బోర్లంత లోతుకు దిగాయి. దిగుడుబావి అడుగు కనబడింది. మాలపల్లెకు బావి మెట్లు దిగే హక్కు వచ్చేనాటికి అందులో నీళ్లు లేవు. దీన్ని మించిన అన్యాయం మా ఊరి చరిత్రలో లేదు.

2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. తాగునీటి బావులకు దగ్గర్లో బోర్లు వేయకుండా హద్దులు, బోరు వేయాలంటే అనుమతులు. చదివినప్పుడు ముజావరు తాత మతం చెప్పిన బావి హద్దు గుర్తొచ్చింది. కానీ చట్టం కాగితం మీదుంది. ఆ హద్దు దాటితే చెయ్యి విరుగుతుందని, పీరు లేవదని, దేవుడు లెక్క అడుగుతాడని ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు.

అవ్వా లేదు, తాతా లేడు. గంగమ్మ మాన్లలో నాలుగు మిగిలాయి. గుండ్రాయి చుట్టూ సిమెంటు గుడి కట్టి, గచ్చు వేయడానికి తక్కినవి కొట్టేశారు. కొమ్మ తాకడానికి భయపడినవాళ్ల మనవళ్లే కొట్టించారు, భక్తితోనే.

మొన్న ఊరికి పోయినప్పుడు గుడి పెద్దలనూ, చావిడి చూసుకునే ముజావరు తాత మనవణ్నీ, ఇప్పటి అయ్యగారినీ కలిశాను. చెరువు ఎగువన కొత్త బోరు వేయకూడదన్న కట్టుబాటును జాతరలో ఒకసారి, పీర్ల చావిడిలో ఒకసారి, కోత పండుగలో ఒకసారి చెప్పించమని అడిగాను. గుడి పెద్దలు, ఎగువన భూములున్నవాళ్ల నోట్లో మట్టి కొట్టమంటావా అన్నారు. న్యాయమైన ప్రశ్నే, దిగువ బోర్ల నీళ్లలో వాటా ఇస్తే తప్ప దానికి జవాబు లేదు. తాత మనవడు జుమ్మా రోజు పెద్దలతో మాట్లాడతానన్నాడు. చర్చివాళ్లు ఎవర్నీ అడగకుండానే తమ ఆవరణలో ఎండిన బోరు చుట్టూ గుంత తవ్వి, పెద్దరాళ్లు, కంకర, ఇసుక వరసగా నింపి, కప్పు మీది వాననీళ్లు అందులోకి దించారు. ఎగువ రైతుల్లో ఇద్దరు వచ్చి దాన్ని చూసిపోయారట. గంగమ్మ జాతర ఉగాది తర్వాత. ఆ రోజు ఎగువవాళ్లనూ దిగువవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి వాటా సంగతి తేల్చాలని అనుకున్నాం.